మాలపల్లి చూసిన మూడు కాలాలు: ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారి జీవితం

రాయవేలూరు అనగానే తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల తెలుగు కుటుంబాల వారికి మొదట స్ఫురించేది అక్కడి పెద్దాసుపత్రి. అరక్కోణంలో బండి మారి, కాట్పాడిలో దిగి, రోగిని వెంటబెట్టుకొని ఆ ఆసుపత్రి వరండాలో కాచుకొని కూర్చోని ఇల్లు ఈ సరిహద్దు పల్లెలలో అరుదు. ఆ తరువాత స్ఫురించేది కోట. ఆ ఊరి సెంట్రల్ జైలు ఎవరికీ స్ఫురించదు. కాని తెలుగు నవలా సాహిత్యంలో ఒక మహాగ్రంథం ఆ జైలు గోడల లోపలనే రూపుదిద్దుకొన్నది. దాని పేరు మాలపల్లి. దానికే సంగవిజయము అని మరొక పేరు. 1921-22 సంవత్సరాలలో అక్కడ ఖైదీగా ఉండి దానిని వ్రాసినవారు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు గారు.

ప్రతి నవలకూ మూడు కాలాలు ఉంటాయి. కథ జరిగిన కాలం ఒకటి, రచయిత దానిని వ్రాసిన కాలం ఒకటి, అది అచ్చయి పాఠకుని చేతికి వచ్చిన కాలం మరొకటి. తరగతి గదిలో మాత్రం ఈ మూడూ కలిసిపోయి ఒక్క సంవత్సరంగా మిగులుతాయి. మాలపల్లి ఎప్పుడు వెలువడినది అని ఒక మార్కు ప్రశ్న వస్తే పిల్లలు 1922 అని వ్రాస్తారు. జవాబు సరియైనదే, మార్కు కూడా వస్తుంది. అయితే ఆ పుస్తకాన్ని తెలుగువారు స్వేచ్ఛగా కొని చదువుకొనగలిగినది 1937 తరువాతనే. మధ్య ఉన్న పదునైదు సంవత్సరాలు ఎక్కడికి పోయినవి? పంతులు గారి జీవితంలో ముఖ్యమైన ముడి అంతా ఆ పదునైదేండ్లలోనే ఉన్నది.

లక్ష్మీనారాయణ గారు 1877 డిసెంబరు 4వ తేదీన వేములూరుపాడు గ్రామంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. శ్రీరాములు, శేషమ్మ ఆయన తల్లిదండ్రులు. నేడు ఆ ఊరిని గుంటూరు సీమలోనిదని అంటాము గాని, ఆయన పుట్టేనాటికి గుంటూరు అనే జిల్లా లేదు. అది కృష్ణా జిల్లాలో కలిసి ఉండెను. 1904లో గాని మరల వేరు కాలేదు. జిల్లాల ఎల్లలు మారడం మన తాతల కాలం నుండి ఉన్న సంగతియే. బాల్యంలోనే లక్ష్మీబాయమ్మ గారితో వివాహం జరిగింది. ఈ దంపతులను వేరుచేసి చెప్పుట కష్టం. ఆయన చేపట్టిన ప్రతి పనిలోను ఆమె సగం కాదు, కొన్నిచోట్ల సగానికి మించి ఉన్నారు.

ఆ రోజులలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమహేంద్రవరంలో స్త్రీ పునర్వివాహ ఉద్యమం నడుపుతున్నారు. ఆ గాలి గుంటూరుకు తీసుకొని వచ్చిన వారిలో ఉన్నవ దంపతులు ముఖ్యులు. 1902లో గుంటూరులో వితంతు శరణాలయం స్థాపించారు. వీరేశలింగం గారి అండతో వితంతు వివాహాలు జరిపించారు. ఇటువంటి పని చేసిన కుటుంబాన్ని ఊరిలో పంక్తి భోజనానికి పిలువని కాలమది. పురోహితుడు రాడు, చాకలి రాడు, బావి దగ్గర మాట పడవలసి వస్తుంది. ఆ నిషేధాలను భరించిన అనుభవమే తరువాత ఆయనను ఊరి వెలుపల ఉన్నవారి వైపు త్రిప్పినదని అనుకొనవచ్చును. ఒక గడప దాటిన వానికి రెండవ గడప అంత ఎత్తుగా కనబడదు.

1912 ప్రాంతంలో ఆయన చేసిన మరొక పని మన సరిహద్దు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగినది. జొన్నవిత్తుల గురునాథం గారితో కలిసి తెలుగు మాట్లాడే జిల్లాలన్నింటినీ ఒక్కచోట చూపే ఆంధ్రదేశ పటాన్ని తయారుచేశారు. మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు ఒకవైపు, నైజాము రాజ్యంలోని తెలుగు ప్రాంతం మరొకవైపు విడివిడిగా ఉన్న రోజులలో, వానిని ఒకే కాగితం మీద కలిపి గీయడం చిన్న సాహసం కాదు. 1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది 1953 అక్టోబరు 1వ తేదీన. అనగా కాగితం మీద గీసిన గీత నేల మీద పడడానికి నలుబది సంవత్సరాలకు పైగా పట్టింది. నేల మీద పడిన తరువాత కూడ అది తిరుత్తణి వద్ద నిలువలేదు. ఆ సంగతి చివర వస్తుంది.

1913లో పంతులు గారు న్యాయశాస్త్రం చదువుటకు ఐర్లండులోని డబ్లిను నగరానికి వెళ్ళారు. లండను పోకుండ డబ్లినుకు పోయిన మన విద్యార్థులు అప్పటికి కొద్దిమందే. బరంపురం వైపు నుండి వచ్చి తరువాత భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు కూడ అదే సంవత్సరం అదే నగరంలో చదువుకు చేరారు. వారు ఉన్న కాలంలో డబ్లిను మామూలుగా లేదు. 1913 ఆగస్టు నుండి మరుసటి సంవత్సరం ఆరంభం వరకు అక్కడి కార్మికులకు, యజమానులకు మధ్య పెద్ద పోరాటం సాగింది. సంఘంలో చేరిన వారిని యజమానులు పనిలోనికి రానీయక తలుపులు మూశారు. 1916 ఏప్రిలులో ఈస్టరు పండుగ వారంలో ఐరిషువారు ఆంగ్ల ప్రభుత్వంపై ఆయుధాలతో తిరుగబడ్డారు. పంతులు గారు 1916లో బారిస్టరు పట్టా పొందారు. మాలపల్లిలో కూలివారు సంఘంగా నిలిచి పని మానిన ఘట్టాన్ని చదివేటప్పుడు డబ్లిను వీధులు జ్ఞాపకం రాక మానవు. రెంటికీ నేరుగా ముడి వేయుట సాహసమే కావచ్చును. గుంటూరు పొలాలలో కూడ ఆయనకు కావలసినంత చూడదగినది ఉండెను.

స్వదేశానికి వచ్చి కొంతకాలం న్యాయవాద వృత్తి చేశారు. సహాయ నిరాకరణోద్యమం రాగానే దానిని వదిలిపెట్టారు. 1921-22 సంవత్సరాలలో గుంటూరు జిల్లా నిప్పుల కుంపటి. చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వాన జనం పురపాలక సంఘం పన్నులు కట్టమని ఊరినే విడిచిపోయారు. పెదనందిపాడులో రైతులు శిస్తు నిలిపివేశారు. పల్నాడులో అడవిలో పశువులు మేపినందుకు వేసే పుల్లరి పన్నును జనం ధిక్కరించారు. ఆ పోరాటంలో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలియైనాడు. పంతులు గారు పల్నాడు సత్యాగ్రహంలో పాల్గొన్నందుకు 1921లోనే అరెస్టు అయి, ఏడాది శిక్ష పొంది, రాయవేలూరు జైలుకు చేరారు.

బయట ఉన్నంతకాలం శరణాలయం, సభలు, కోర్టు, కాంగ్రెసు పని అంటూ తీరిక దొరకని మనిషికి జైలు తీరిక ఇచ్చింది. నలుబది నాలుగేండ్ల వయస్సు, చుట్టూ అరవ దేశం, మనస్సు నిండా గుంటూరు సీమ. ఆ స్థితిలో ఆయన వ్రాయడం ప్రారంభించారు.

ఇక కథ సంగతి. మంగళాపురం అనే ఊరు. ఆ ఊరి మాలపల్లిలో రామదాసు అనే చిన్న రైతు. భక్తుడు, తత్త్వాలు పాడుకొనే వాడు, ఎవరినీ ద్వేషింపలేని వాడు. భార్య మహాలక్ష్మి, కొడుకులు వెంకటదాసు, సంగదాసు, కుమార్తె జ్యోతి. సంగదాసు ఊరిలో పెద్ద ఆసామి చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు, పాలేరు సంగదాసు స్నేహితులు. ఇద్దరూ కూర్చొని లోకం సంగతులు మాట్లాడుకొంటారు. కోతల కాలంలో కూలి దగ్గర తగవు వస్తుంది. సంగదాసు కూలివారిని ఒక్కమాట మీద నిలుపుతాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోతాడు. నేరం కప్పబడిపోతుంది. తండ్రి రామదాసు పగ పట్టడు. అన్న వెంకటదాసు మాత్రం అడవిపట్టి, తక్కెళ్ళ జగ్గడు అనే పేరుతో ఉన్నవారిని దోచి లేనివారికి పంచుతాడు. రామదాసుకు భూమి పోతుంది; కుటుంబం సెటిల్మెంటుల వరకు, జైలు వరకు పోతుంది. రామానాయుడు చనిపోయిన స్నేహితుని పేర సంగపీఠం నిలుపుతాడు. ఆ పేరే నవలకు రెండవ పేరులో వినబడుతుంది.

సెటిల్మెంటు అనే మాటను నేటి పిల్లలకు విప్పి చెప్పవలసి ఉంటుంది. నేరస్థ జాతుల చట్టం క్రింద కొన్ని కులాల వారిని పుట్టుకతోనే దొంగలని లెక్కగట్టి, కంచె లోపల పెట్టి, పేర్లు పిలిచి హాజరు వేసుకొనే చోట్లు అవి. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అటువంటి సెటిల్మెంటుగానే 1910ల నాడు మొదలైనది. పంతులు గారు వ్రాసేనాటికి అది పాతకథ కాదు, ప్రక్క తాలూకాలో నడుస్తున్న సంగతి. కూలిని ధాన్యంగా ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా అనే తగవు కూడ యుద్ధకాలపు ధరల వలన ఆ పొలాలలో అప్పుడే వేడిగా ఉన్నది. జైలు జీవితాన్ని నవలలో ఎంత విపులంగా వర్ణించారో, ఆ వర్ణన వ్రాస్తున్న చేయి ఆ జైలులోనే ఉన్నది.

ఇక్కడ నిలిచి ఆలోచించవలసిన విషయం ఒకటి కలదు. సాధారణంగా నవలాకారులు వెనుకకు చూచి వ్రాస్తారు. పంతులు గారే తరువాత నాయకురాలు అనే నాటకం వ్రాశారు. అందులోని నాగమ్మ కథ పన్నెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధం నాటిది. కథకు, రచనకు నడుమ ఏడు వందల ఏండ్లకు పైగా దూరం. అటువంటి దూరం రచయితకు రక్షణ వంటిది. చనిపోయిన రాజులు కోపగించుకొనరు, వారి కరణాలు ఫిర్యాదు వ్రాయరు. మాలపల్లికి ఆ రక్షణ లేదు. కథ జరిగిన కాలం, వ్రాసిన కాలం దాదాపు ఒక్కటే. ఆనాటి పాఠకుడు తన ఊరి చౌదరయ్యను, తన ఊరి సంగదాసును పేరు మార్చి చదువుకొనగలడు.

అందుకే మూడవ కాలం దగ్గర, అచ్చు దగ్గర, ప్రభుత్వం చేయి అడ్డము పెట్టింది.

1922లో బెల్లంకొండ రాఘవరావు గారు ఆ నవలను రెండు భాగాలుగా ప్రచురించారు. ఆంధ్రపత్రిక అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పీఠిక వ్రాశారు. 1923లో మదరాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధపు ఉత్తర్వును బందరు కృష్ణాపత్రిక ప్రచురించింది. ప్రభుత్వానికి ఆ గ్రంథంలో రష్యా విప్లవపు వాసన తగిలింది. కూలివారు ఒక్కటై నిలువడం, దొంగతనాన్ని ధర్మంగా చెప్పే జగ్గని మాటలు, ఊరి వెలుపలి గుడిసెలోని మనిషిని వేదాంతిగా, నాయకునిగా చూపడం, ఇవన్నీ సర్కారుకు కంటగింపైనవి. ఆ పేరే చాలు. ఇప్పుడు అరవంలో చేరి అని, తెలుగులో పల్లె అని, నేటి కాగితాలలో కాలనీ అని మనం వ్రాసే చోటు పేరును, ఎవరూ పెద్దల ఎదుట గట్టిగా పలుకని పేరును, ఒక బారిస్టరు తన పుస్తకపు అట్ట మీద పెద్దక్షరాలతో పెట్టాడు. పైగా పుస్తకంలో మాట్లాడే భాష గుంటూరు పల్లెల వాడుక భాష. విశ్వవిద్యాలయాలు వ్యాసాలకు గ్రాంథికమే ఉండవలెనని పట్టుబడుతున్న రోజులవి.

1926లో మదరాసు శాసనమండలిలో ఈ నిషేధం మీద వాదోపవాదాలు జరిగినవి. తరువాత ప్రభుత్వం కొన్ని మార్పులు చేసి అచ్చువేసుకొనవచ్చునని అనుమతించింది. ఆ మార్పులతో రెండవ ముద్రణ 1935లో వెలువడింది. కావున 1935 నాటి పాఠకుడు చదివినది 1922 నాటి పాఠకుడు చదివిన పుస్తకం కాదు. ఎక్కడ కోత పడినదో తెలియకుండ చదివే వానికి రచయిత అక్కడ వెనుకాడినట్లు తోస్తుంది. వెనుకాడినది రచయిత కాదు. నిషేధం వలన పుస్తకానికి కలిగిన నష్టాలలో జనం ఎక్కువగా తలచుకొనేది ఆలస్యాన్ని. ఈ రెండవ నష్టం దానికంటె పెద్దదని చెప్పవలసి ఉంటుంది.

ఆ సమయంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మాలపల్లిని పాఠ్యగ్రంథంగా తీసుకొన్నది. 1931 నుండి 1936 వరకు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నవారు మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1936లో ప్రభుత్వం మరల నిషేధం విధించింది. పుస్తకాన్ని పాఠ్యాంశాల నుండి తొలగించింది. ఒక సంవత్సరం తరగతిలో చదవదగినదై, మరు సంవత్సరం ఇంటిలో ఉంచుకొనుటకు కూడ భయపడవలసినదైన పుస్తకం పట్టుకొని ఆనాటి విద్యార్థి ఏమనుకొని ఉండునో ఊహించవలసినదే.

1937లో ఎన్నికలు జరిగి చక్రవర్తి రాజగోపాలాచారి గారు మదరాసు ప్రధాని అయినారు. ఆ కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తరువాత మాలపల్లి మీది నిషేధాలు రద్దయినవి. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. రాజాజీ గారు కూడ సహాయ నిరాకరణలో శిక్షపడి 1921 డిసెంబరు నుండి 1922 మార్చి వరకు అదే రాయవేలూరు జైలులో ఉన్నారు. అక్కడ దినచర్య వ్రాసుకొన్నారు. నవల పుట్టిన జైలును లోపలి నుండి ఎరిగినవాని ప్రభుత్వమే దానికి తాళం తీసింది.

పుస్తకం ఇట్లు ఆలస్యంగా రావడం లోకంలో మన ఒక్క నవలకే జరిగినది కాదు. అరవంలో మొదటి నవలగా చెప్పబడే ప్రతాప ముదలియార్ చరిత్రమును మాయూరం వేదనాయకం పిళ్ళై గారు 1857 ప్రాంతంలో వ్రాసినట్లు చెబుతారు. అది అచ్చయినది 1879లో. పాఠశాలలో అరవం చదువుకొనే మన పిల్లలకు ఈ పేరు తెలిసినదే. రష్యాలో బుల్గాకోవ్ అనే రచయిత మాస్టర్ అండ్ మార్గరిటా అనే నవలను 1928 నుండి 1940లో చనిపోయే వరకు వ్రాస్తూనే ఉన్నాడు. అది పత్రికలో వెలుగు చూచినది 1966-67లో. ఆయన తన పాఠకుని చూడలేదు. దీనికి ఎదురుగా, వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమైనది. వ్రాసిన సిరా ఆరక ముందే చదివినవారున్నారు. మాలపల్లి ఈ రెండు జాతులలోను పూర్తిగా చేరదు. అది వెంటనే అచ్చయినది, వెంటనే మూతపడినది. రచయిత బ్రతికి ఉండగానే, కొద్దిమంది చదివి, ఎక్కువమంది వినికిడిగా మాత్రమే ఎరిగిన పుస్తకంగా అది పదునైదు సంవత్సరాలు గడిపింది.

ఆ పదునైదు సంవత్సరాలలో దేశం ఒక్కచోట నిలువలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగింది. 1932లో గాంధీ గారికి, అంబేద్కరు గారికి మధ్య పూనా ఒడంబడిక కుదిరింది. హరిజనోద్యమం ఊరూరా తిరిగింది. రాజాజీ ప్రభుత్వం 1938లో అస్పృశ్యతా నిబంధనలను తొలగించే చట్టాన్ని, 1939లో ఆలయ ప్రవేశ చట్టాన్ని తెచ్చింది. 1922లో చదివి ఉంటే గుండె ఝల్లుమనిపించే సంగతులు కొన్ని 1937 నాటికి సభలలో తీర్మానాలుగా మారినవి. అందువలన కొత్త పాఠకులలో కొందరికి మాలపల్లి గాంధీ గారి బోధలకు ఉదాహరణగా వ్రాసిన కథ వలె కనబడింది. నిజానికి ఆ ఉద్యమం ఊరికి రాకముందే ఆ కథ వ్రాయబడింది. వరుస తారుమారై, ముందు నడిచినవాడు వెనుక వచ్చినవానిగా కనబడడం ఆలస్యం చేసే అన్యాయాలలో ఒకటి.

దీనికి రెండవ ప్రక్క కూడ చెప్పకపోతే ధర్మం కాదు. ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో దళిత సాహిత్య విమర్శకులు కొందరు రామదాసు శాంతగుణాన్ని ప్రశ్నించారు. కొడుకును చంపినవానిని క్షమించే తండ్రిని ఆదర్శంగా నిలుపుట పై కులపు రచయితకు సులభమని, అనుభవించేవానికి కాదని వారి అభిప్రాయం. ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే పంతులు గారు అదే ఇంటిలో వెంకటదాసును కూడ పుట్టించారన్నది మరువరాదు. క్షమించే తండ్రి, సంఘం కట్టే చిన్నకొడుకు, తిరుగబడే పెద్దకొడుకు ఒకే గుడిసెలో అన్నం తింటారు. సర్కారు భయపడినది రామదాసును చూచి కాదు.

పుస్తకం మూతపడి ఉన్నంతకాలం పంతులు గారు దాని కొరకు కూర్చొని ఏడువలేదు. 1922లోనే గుంటూరులో శారదానికేతనం స్థాపించి బాలికలకు, దిక్కులేని స్త్రీలకు చదువు, పని నేర్పే ఏర్పాటు చేశారు. లక్ష్మీబాయమ్మ గారు దానికి ప్రాణమైనారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలోను, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను ఆయన మరల జైలుకు వెళ్ళారు. అరువది ఐదేండ్ల వయస్సులో జైలుకు పోయిన బారిస్టరు ఆయన. నవలలోని సమతాధర్మం, చరమగీతం వంటి పాటలు మాత్రం పుస్తకం కంటె ముందుకు పోయినవి. పాటను జప్తు చేయుటకు పోలీసు వద్ద బీరువా లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయినది. తాము గీసిన పటంలోని రెండు ముక్కలు కలియడం పంతులు గారు కన్నులార చూచారు. ఇది ఆయన నవలకంటె అదృష్టవంతమైన రచన అని చెప్పవచ్చును, ఎందుకంటే ఎవరూ దానిని జప్తు చేయలేదు. 1958 సెప్టెంబరు 25వ తేదీన ఆయన పరమపదించారు. ఆనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మదరాసు రాష్ట్రంలో చేరింది. సత్యవేడు ఇటు నుండి ఆంధ్రకు పోయింది. పటం గీసినవారు అప్పటికి లేరు. తిరుత్తణి 1997లో తిరువళ్లూరు జిల్లాలో భాగమైనది. మాలపల్లి పుస్తకాల దుకాణాలలో దొరుకుతూనే ఉన్నది.